తలుపు ఎప్పుడు వేయాలి? పశువుల డాక్టరమ్మ జవాబులు

పోయిన సంచికలో ఒక జవాబు చివర “వీలైతే కుక్కకు పిల్లగా ఉన్నప్పుడే క్రేట్ అలవాటు చేయండి” అని ఒక్క ముక్క రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చూశాక ఈసారి గజ్జి, దగ్గు, నులిపురుగులు అన్నీ పక్కన పెట్టి ఆ ఒక్క సంగతే తీసుకున్నాను.

క్రేట్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇనప చువ్వల పెట్టె, ఒక పక్క తలుపు, అడుగున తీసి కడుక్కునే ట్రే. కుక్క పడుకోవడానికి. అందరూ బోను అనేస్తున్నారు. బోను అనగానే ఎలుకో, పులో, కోర్టులో ముద్దాయో గుర్తొస్తారు. మా ఇంట్లో దాన్ని గూడు అంటాం. మా అమ్మమ్మగారి ఊళ్లో పొద్దుగూకేసరికి కోళ్లు వాటంతట అవే గూట్లోకి పోయేవి, ఎవరూ తరిమే పని ఉండేది కాదు. అన్నీ లోపలికి పోయాకే అమ్మమ్మ వెళ్లి పలక అడ్డం పెట్టేది. ఆ వరస గుర్తుంచుకుంటే కింద నేను చెప్పేది చాలావరకు మీకు ముందే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను ముప్పై ఒక్క ఏళ్లు చేసిన ఉద్యోగం గేదెలతో. నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో ఈతలు, పొదుగువాపులు, గాలికుంటు టీకాలు. చిన్న కుక్కల గురించి నాకు తెలిసినదాంట్లో సగం పుస్తకాల్లోది. మిగతా సగం రిటైరయ్యాక గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికొచ్చిన ‘పిండి’ అనే కుక్క నేర్పింది. పిండి తెల్ల స్పిట్జ్. ఊళ్లో అందరూ పమేరియన్ అంటారు. సరిదిద్దడం నేనూ మానేశాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది మూడో అంతస్తులో ఫ్లాట్. మా పాప పట్టుబట్టి షిట్జూ కుక్కపిల్లను తెప్పించుకుంది. రెండున్నర నెలలు. వీడియోలు చూసి క్రేట్ కొన్నాం. మొదటి రాత్రి అందులో పెట్టి, తలుపు వేసి హాల్లో ఉంచాం. రెండింటిదాకా ఒకటే ఏడుపు. కింద ఫ్లాట్ వాళ్లు వచ్చి బెల్ కొట్టారు. మా అత్తయ్యగారు “పసిదాన్ని జైల్లో పెట్టారు, పాపం తగులుతుంది” అని తీసి తన పక్కలో పడుకోబెట్టుకున్నారు. ఇప్పుడది క్రేట్ వంక చూడదు. పెట్టిన మూడు వేలూ దండగేనా?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: దండగేం కాదమ్మా. ముందు మీ అత్తయ్యగారి మీద కోపం ఉంటే తీసేయండి. ఆవిడ అన్నది సగం నిజం. నిన్నటిదాకా తల్లి పొట్టకి ఆనుకుని, తోడబుట్టినవాటి మీద పడి నిద్రపోయిన పిల్ల. ఒక్కరోజులో తల్లి వాసన లేదు, ఊపిరి చప్పుడు లేదు, చుట్టూ చువ్వలు, చీకటి. ఏడవకపోతే ఆశ్చర్యపోవాలి.

మీరు చేసిన తప్పే నేనూ చేశాను, అదీ డాక్టరునై ఉండి. పిండి వచ్చిన రాత్రి గూట్లో పెట్టి గడియ వేశాను. “అరవనీ, అదే ఊరుకుంటుంది” అన్నాను మా ఆయనతో. పొద్దున చూస్తే తలుపు గీకి గీకి ముందు కాళ్లు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆ తర్వాత పది రోజులు ఇంట్లో ఏ గడియ చప్పుడైనా, బీరువా తలుపైనా సరే, మంచం కిందికి దూరేది. చివరికి మా ఆయన కటింగ్ ప్లేయరు తెచ్చి గూటి తలుపు ఊడదీసి అటక మీద పెట్టారు. దాదాపు నెల రోజులు మా గూటికి తలుపు లేదు. ఆ నెలలోనే పిండికి గూడు అలవాటైంది.

మీరూ అక్కణ్నుంచి మొదలుపెట్టండి. తలుపు ఊడకపోతే బార్లా తెరిచి తాడుతో చువ్వలకు కట్టేయండి. పిల్ల లోపలికి తొంగి చూస్తున్నప్పుడు అది కదిలి టక్కుమంటే మళ్లీ మొదటికొస్తుంది. ఫోమ్ పరుపు వద్దు. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పరవండి. మీ అత్తయ్యగారి చీరైతే మరీ మంచిది. ఆవిడ వాసన దానికి ఇప్పటికే తెలుసు కదా.

అన్నం గిన్నె మొదట గుమ్మం దగ్గర పెట్టండి. తల లోపలికి పెట్టి తింటే చాలు. మర్నాడు జానెడు లోపలికి జరపండి. మూడో నాడో నాలుగో నాడో నాలుగు కాళ్లూ లోపల ఉంటాయి. మధ్యమధ్యలో అది చూడకుండా లోపల ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్క వేసి ఉంచండి. శాకాహారులైతే ఉడికిన క్యారెట్, పనీరు. “ఈ పెట్టెలో తిరునాళ్లలా ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది” అని దానికి అనిపించాలి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ మాత్రం ఎంత చిన్న ముక్కైనా వద్దు. కుక్కలకు విషం.

దానంతట అది వెళ్లి పడుకోవడం మొదలయ్యాక, తింటున్నప్పుడు తలుపు మెల్లగా దగ్గరికి వేయండి. గడియ వద్దు. గిన్నె ఖాళీ అయ్యేలోపే తీసేయండి. ఆ తర్వాత గడియ, ఒక నిమిషం, మీరు ఎదురుగా కూర్చుని. తర్వాత ఐదు నిమిషాలు. తర్వాత మీరు వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకుని రావాలి. ఎప్పుడైనా అది గిలగిల్లాడితే మీరు తొందరపడ్డారని లెక్క. ఒక మెట్టు వెనక్కి రండి, సిగ్గేం లేదు. కొన్ని పిల్లలకు వారం చాలు, కొన్నిటికి నెల్లాళ్లు పడుతుంది.

ఇక రాత్రి సంగతి. హాల్లో వద్దు. మీ మంచం పక్కన గట్టి స్టూలు గానీ, పెట్టె గానీ వేసి క్రేట్‌ను కదలకుండా దాని మీద పెట్టండి. మీరు పడుకుని చెయ్యి చాస్తే చువ్వలకు తగలాలి. అది ముక్కినప్పుడు వేళ్లు అలా ఆనించి ఉంచితే చాలు. నెలా రెండు నెలలు పోయాక రోజుకో అడుగు చొప్పున ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. మంచం పక్కన పెట్టినా, తలుపు వేస్తే గిలగిల్లాడకుండా ఉండటం అలవాటయ్యేదాకా రాత్రి కూడా తలుపు వేయకండి, స్టూలూ వద్దు. గది తలుపు వేసుకుని నేల మీదే పెట్టుకోండి, పడుతుందన్న భయం లేకుండా. గుమ్మం దాకా పాత పేపర్లు పరిచి ఉంచండి.

రెండున్నర నెలల పిల్ల మూత్రం మూడు గంటలకు మించి ఆపుకోలేదు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు అని ఒక మోటు లెక్క ఉంది గానీ, షిట్జూ లాంటి బుల్లి జాతులకు ఆ ఒకటి కలపకండి. అందుకని రాత్రి ఒకసారో రెండుసార్లో మీరే అలారం పెట్టుకుని లేవాలి. లైటు వేయకుండా, మాట్లాడకుండా ఎత్తుకుని బాత్‌రూములోనో బాల్కనీలోనో పేపరు మీద దించండి. పని కాగానే మళ్లీ గూట్లోకి. అది ఏడ్చాక తీయడం కంటే ఏడవకముందే తీయడం మేలు. అర్ధరాత్రి ఆటలు మొదలెడితే మాత్రం అదే అలవాటైపోతుంది.

కిందికి, రోడ్డు మీదికి ఇంకా దించకండి. టీకాలు పూర్తవలేదు. పార్వో అనే కుక్కల జబ్బు క్రిమి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. నాలుగు నెలలు నిండేదాకా డాక్టరు చెప్పిన తేదీల ప్రకారం టీకాలన్నీ పడాలి.

కింద ఫ్లాట్ వాళ్లకు ఓ గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్లి “ఒక్క రెండు వారాలు ఓర్చుకోండి” అని చెప్పి రండి. నా అనుభవంలో కుక్క ఏడుపు కంటే ముందు చెప్పలేదన్న కోపమే ఎక్కువ ఉంటుంది.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. మా టామీ నా పక్కనే పడుకుంటాడు. అమ్మ వాడికి క్రేట్ కొంటానంటోంది. అందులో పెడితే వాడికి నా మీద కోపం వస్తుందా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రాదు నాన్నా, ఒక్క షరతు మీద. వాడు నీ బూటు కొరికినప్పుడో, చాప మీద పోసినప్పుడో “పో బోన్లోకి” అని ఎవరూ తోయకూడదు. అమ్మ కూడా. శిక్షకు వాడితే వాడికి అది స్టాఫ్ రూము బయట నిలబెట్టినట్టే. ఇంకో పని నీకే అప్పగిస్తున్నాను. వాడు లోపలికి వెళ్లే ముందు మెడపట్టీ తీసేయాలి. పట్టీకున్న కొక్కెమో బిళ్లో చువ్వల్లో ఇరుక్కుంటే ఊపిరాడదు. రోజూ రాత్రి అది నీ డ్యూటీ. వాడు లోపల ఉన్నప్పుడు నువ్వు చెయ్యి పెట్టి లాగకూడదు, నీ ఫ్రెండ్స్‌నీ పెట్టనివ్వకూడదు. నువ్వు చదువుకునేటప్పుడు ఎవరైనా వచ్చి గుంజితే నీకెలా ఉంటుందో తెలుసుగా.

ప్రశ్న: మా దగ్గర రెండేళ్ల పగ్ ఉంది. క్రేట్ అలవాటు చేశాం, బాగానే ఉంటుంది. ఇంట్లో చోటు లేక బాల్కనీలో పెట్టాం. నీడ పడుతుంది. పైన దుప్పటి కప్పితే చీకటిగా ఉండి కుక్క ప్రశాంతంగా పడుకుంటుందని ఒక విదేశీ వీడియోలో చూసి అలాగే చేస్తున్నాం. మార్చి నుంచి బాగా రొప్పుతోంది. వయసు వల్లనా?
– భవానీపురం, విజయవాడ

జవాబు: రెండేళ్లకు వయసేమిటండీ! ఈ పేజీ చదవగానే లేచి వెళ్లి ఆ దుప్పటి తీసేయండి. తర్వాత క్రేట్‌ను లోపలికి తీసుకురండి. మిగతా జవాబు తర్వాత చదువుకోవచ్చు.

ఆ వీడియో తీసినవాళ్ల ఊళ్లో గది వెచ్చగా ఉండటానికి హీటరు వేస్తారు. మనది బెజవాడ. మేలో 43, 44 డిగ్రీలు మనకు వింత కాదు. ఇక రెంటచింతల పేరు పేపర్లో రాని ఎండాకాలం నాకు గుర్తులేదు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే, అదీ కొద్దిగా. దాని ఏసీ అంతా నోట్లోనే ఉంది. నాలుక చాచి రొప్పుతుంటే నోట్లోని, గొంతులోని తడి ఆవిరై వేడి బయటికి పోతుంది. పగ్‌కు ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, ముక్కు రంధ్రాలు సన్నం, గొంతులో మెత్తటి అంగిలి పొడుగు. అంటే దాని ఏసీ పుట్టుకతోనే సగం పాడైంది. దాన్ని దుప్పటి కింద పెడితే అది వదిలిన ఆవిరే మళ్లీ పీల్చుకుంటూ ఉంటుంది.

నీడ అని నమ్మకండి. మధ్యాహ్నం పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, సాయంత్రం ఏడింటికి కూడా కాలుతుంది. గోడ వదిలిన వేడి ఇనప చువ్వలు పట్టుకుంటాయి. కూలరు పెడతామంటారేమో, తలుపులన్నీ మూసిన గదిలో పెడితే ఉపయోగం తక్కువ. కృష్ణ పక్కనున్న ఊరు, గాలిలో అసలే తేమ. గాలి తడిగా ఉంటే కుక్క నోటి తడి సరిగా ఆవిరి కాదు. కిటికీ తెరిచి పెట్టండి. ఫ్యాను సరాసరి తగిలేచోట, చల్లని గచ్చు మీద క్రేట్ ఉండాలి. పగలు కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఆ గది ఫ్యాను నడవాలి. ఇన్వర్టరు లేదు, ఇంట్లో మనిషీ ఉండడు అంటే, ఏప్రిల్ నుంచి జూన్‌దాకా పగలు తలుపు వేయనే వద్దు. ఎటు చల్లగా ఉంటే అటు అదే వెతుక్కుంటుంది. మా పిండి ఎండాకాలమంతా గూడు మానేసి బిందెల అరుగు కిందే కాపురం. నీళ్ల గిన్నె చువ్వలకు తగిలించే రకం దొరుకుతుంది, ఒలికిపోదు.

కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. అంటే మన జ్వరం దాని ఆరోగ్యం. 104 దాటితే భయపడాలి. చిగుళ్లు మరీ ఎర్రబడి, చొంగ జిగురుగా కారుతూ, నడక తూలుతుంటే వడదెబ్బ. పొట్ట, తొడలు, పాదాలు మామూలు కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాను కింద పెట్టి, ఆ తడితోనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తడి తువ్వాలు కప్పి ఉంచకండి, కాసేపటికి అదే దుప్పటవుతుంది.

ఇంట్లో చోటు లేదన్నారు. క్రేట్ పైభాగం బల్లలాగా వాడుకోండి. మా గూటి మీద ల్యాండ్‌ఫోను ఉండేది, ఇప్పుడు మందుల డబ్బా ఉంది.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. పొద్దున తొమ్మిదికి వెళ్తే రావడం సాయంత్రం ఆరున్నర. మా మినీ పామ్ (చిన్న పమేరియన్) పిల్లకు ఐదు నెలలు. సోఫా చింపుతోంది. ఆ తొమ్మిదిన్నర గంటలూ క్రేట్‌లో ఉంచితే తప్పా?
– పట్టాభిపురం, గుంటూరు

జవాబు: తప్పే. ఐదు నెలల పిల్లకు పగలు మూడు నాలుగు గంటలు గట్టి. పెద్ద కుక్కనైనా నాలుగైదు గంటలు దాటి ఉంచకూడదనే నేను చెబుతాను. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో, కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని ఉంది. మిమ్మల్ని బెదిరించడానికి కాదు, మీలా అడిగినవాళ్లు ఈసారి ఏడుగురు ఉన్నారు.

అది సోఫా చింపేది పొగరుతో కాదు. ఐదు నెలలప్పుడు పాలపళ్లు ఊడి అసలు పళ్లు వస్తుంటాయి, చిగుళ్లు దురద. పైగా రోజంతా ఏం తోచదు. వంటింటి వసారానో, ఖాళీ గదినో చెక్క అడ్డు పెట్టి దానికిచ్చేయండి. ఒక మూల తలుపు తెరిచిన క్రేట్, ఇంకో మూల పేపర్లు, కొరుక్కోవడానికి గట్టి రబ్బరు బొమ్మలు. మధ్యాహ్నం ఒంటిగంటకు పనిమనిషికో, పక్కింటి పెద్దావిడకో తాళం ఇచ్చి అరగంట చూడమనండి. ఆ ఏర్పాటు కుదరకపోతే, చెప్పడానికి బాధగానే ఉంది, మీ ఇంటికి ఇప్పుడు కుక్క వద్దు.

ప్రశ్న: కుక్క తాను పడుకునే చోట మలమూత్రాలు చేయదంటారు. మా పిల్ల క్రేట్‌లోనే పోసి అందులోనే పడుకుంటోంది. ఎన్నిసార్లు ఫినాయిల్‌తో కడిగినా మళ్లీ అంతే.
– కొత్తపేట, గుంటూరు

జవాబు: ఎంత సైజు క్రేట్ కొన్నారో రాయలేదు. “పెద్దయ్యాక పనికొస్తుంది” అని, పిల్లలకు యూనిఫాం కొన్నట్టు రెండు సైజులు పెద్దది కొని ఉంటారని నా అనుమానం. కుక్క అందులో నిలబడాలి, తల వంచకుండా చుట్టూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. అంతకుమించి ఖాళీ ఉంటే ఒక మూల పడక, ఒక మూల మరుగుదొడ్డి అవుతుంది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా టేపుతో కొలిచి నాలుగంగుళాలు కలపండి. చిన్న జాతుల్లో చాలావాటికి 24 అంగుళాల పొడవున్నది సరిపోతుంది. పెద్దది కొనేసి ఉంటే మధ్యలో అడ్డుపలక పెట్టుకోండి. చాలా క్రేట్లతో పాటే అది వస్తుంది, జనం అట్టపెట్టెతో పాటు పారేస్తారు.

సైజు సరిగానే ఉందంటే ఇంకో కారణం చూడాలి. పిల్లను ఎక్కడ కొన్నారు? అమ్మేచోట వారాల తరబడి ఇరుకు బోనులో, ఉన్నచోటే పోసుకుంటూ పెరిగిన పిల్లకు ఆ అసహ్యం చచ్చిపోతుంది. దాని తప్పు కాదు. అలాంటిదానికి కొన్నాళ్లు క్రేట్ మానేసి, గంటన్నరకోసారి పేపరు దగ్గరకు తీసుకెళ్లి, పోసిన వెంటనే అక్కడే ముక్క పెట్టి మళ్లీ ఓనమాలు దిద్దించాలి. ఆడపిల్ల అయి, మాటిమాటికీ చుక్కచుక్కగా పోస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. పరీక్ష చేయించండి.

ఫినాయిల్ మానేయండి. ఆ వాసనకు మన ముక్కు మోసపోతుంది, కుక్క ముక్కు మోసపోదు. కింద మూత్రం వాసన దానికి తెలుస్తూనే ఉంటుంది. పైగా కాళ్లకు అంటినది నాకుతుంది. సబ్బునీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనరు పోసి, సీసా మీద రాసినంతసేపు ఉంచి తుడవండి. వారానికోసారి ట్రే, చువ్వలు, ముఖ్యంగా మూలల అతుకులు మరిగే నీళ్లు పోసి ఎండలో ఆరబెట్టండి. గోమార్లు దాక్కునేది అక్కడే. ఒంటి మీద ఏరేసి ఊరుకుంటే లాభం లేదు, రక్తం తాగి దిగిపోయి గోడ పగుళ్లలో, క్రేట్ అతుకుల్లో గుడ్లు పెడతాయి. చెక్క క్రేట్ మన వాతావరణానికి పనికిరాదనేది అందుకే. తినగా మిగిలిన మెతుకులు లోపల వదలకండి, చీమలు పడతాయి. చీమల మందు సుద్దముక్క గీత మాత్రం క్రేట్ దగ్గర గీయొద్దు.

ప్రశ్న: క్రేట్‌లోకి పంపడానికి ఏ మాట వాడాలి? ఇంగ్లీషులోనే చెప్పాలా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఇది నాకు చాలాకాలంగా ఉన్న అనుమానం. పక్కింటివాళ్లతో, పాలబ్బాయితో చక్కగా తెలుగు మాట్లాడే మనిషి కుక్క కనపడగానే “కమాన్, సిట్, గో” అని దొరగారైపోతాడు. కుక్కకు భాష లేదండీ, చప్పుడే. పిండికి నేను చెప్పేది “గూట్లోకి”. మా ఆయన “పద పద” అంటారు, మనవడు “హౌస్” అంటాడు. మూడేళ్లైనా అది మనవడి మాట వినదు, వాడేమో కుక్కకు చెవుడంటాడు. ఇంట్లో అందరూ కలిసి ఒక్క మాట అనుకోండి, అది ఏదైనా సరే. అది లోపలికి అడుగు పెట్టే క్షణంలోనే అనండి. గంటసేపు అరుస్తూ వెంటపడితే ఆ మాటకు అర్థం “పరుగెత్తు” అయిపోతుంది.

ప్రశ్న: మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా మీద పడ్డప్పుడు కింది వాటాలోకి నీళ్లొస్తే మేడ మీదికి ఎక్కాం. మా రాణి ఏడు కిలోల పమేరియన్ క్రాసు. పడవ వచ్చాక ఎత్తుకుంటే భయంతో నా చెయ్యి కరిచి మళ్లీ మెట్ల మీదికి పారిపోయింది. చివరికి ఖాళీ టమాటా ట్రేలో పెట్టి, పైన దుప్పటి కట్టి పడవెక్కించాం. ఆ రోజు క్రేట్ ఉండి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాం. దానికి ఆరేళ్లు దాటాయి. ఈ వయసులో నేర్చుకుంటుందా? ఉరిమినా, దీపావళికైనా ఇప్పటికీ వణికిపోతుంది. ఆ ట్రే ఇంకా మేడ మీదే ఉంది, చలికాలం ఎండ పడితే అందులో ఎక్కి కూర్చుంటుంది.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో చివరి వాక్యం రెండుసార్లు చదివాను. మీరు కొనకముందే రాణి తన గూడు ఎంచుకుంది. నాకైతే ఆ ట్రే చూస్తే అది హడలిపోతుందనే అనిపించేది. మనకు తెలిసిందెంతలెండి.

ఆరేళ్ల కుక్క నిక్షేపంగా నేర్చుకుంటుంది. పిల్లలకన్నా దానికి ఓపిక ఎక్కువ, మూత్రం ఆపుకోగలదు కూడా. మీరు చేయాల్సిందల్లా ఆ ట్రేను కడక్కుండా, అలాగే తెచ్చి, మీరు ఎక్కువసేపు కూర్చునే గదిలో పెట్టడం. అందులో పడుకోవడం మామూలయ్యాక ఆ ట్రే పట్టేంత క్రేట్ కొని, తలుపు ఊడదీసి, ట్రేతో సహా లోపల పెట్టండి. పిల్లల క్రేట్ గురించి పైన చెప్పిన కొలత దీనికి వర్తించదు, కాస్త పెద్దదే కావాలి. పైన పిడి ఉండి, ఇద్దరు పట్టుకుని ఎత్తగలిగింది చూసుకోండి. లోపల రాణి ఉండగా అప్పుడప్పుడు జానెడు ఎత్తి దించండి, తర్వాత నాలుగడుగులు మోయండి. పడవ రోజున దాన్ని బెదరగొట్టింది నీళ్లే కాదు, కాళ్ల కింద నేల కదలడం కూడా.

ఉరుములకు, టపాసులకు గూడు ఉంటే వెళ్లి దాక్కోవడానికి ఒక చోటు ఉంటుంది. అప్పుడు తలుపు అసలు వేయకండి. భయపడ్డ కుక్కను లోపల పెట్టి గడియ వేస్తే పళ్లతో చువ్వలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది, గోళ్లు ఊడతాయి. కిటికీలు మూసి టీవీ పెట్టి, మీరు పక్కన కూర్చోండి. దగ్గరకు తీసుకుంటే భయం ఎక్కువవుతుందని కొందరంటారు. నేను నమ్మను, దగ్గరకు తీసుకోండి. వణుకు మరీ ఎక్కువైతే మందులున్నాయి. దీపావళికి వారం ముందే డాక్టరును కలవాలి, ఆ రాత్రి కాదు.

ఇంకొక్కటి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టో జ్వరం వస్తుంది, కుక్కల నుంచి మనుషులకూ అంటుతుంది. ఏటా వేయించే టీకాలో అది కూడా ఉందో లేదో ఈసారి అడగండి. టీకాల పుస్తకం, నాలుగు రోజులకు సరిపడా తిండి, పాత మెడపట్టీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి క్రేట్ పైన కట్టి ఉంచండి.

తలుపు మాత్రం వచ్చే వానాకాలం లోపు బిగించుకుంటే చాలు. అప్పటిదాకా అటక మీద ఉండనీయండి.